నైనీతాల్: ఇళ్లు పోతున్నాయి, కాలువలు మోస్తున్నాయి

2024 ఆగస్టు 6 రాత్రి నైనీతాల్‌లో ఒక రాతి అరుగు కొండ మీంచి జారి లోయలో పడిపోయింది. దాని పేరు ‘డొరోతీ సీట్’. అయార్‌పట్టా కొండ మీద టిఫిన్ టాప్ అని పిలిచే చోట, ఒక ఆంగ్లేయ సైనికాధికారి తన భార్య జ్ఞాపకార్థం కట్టించిన అరుగు అది. ఆమె పేరు డొరోతీ కెల్లెట్. చిత్రకారిణి. 1936లో చనిపోయారు. అక్కడి నుంచి కింద సరస్సు, దూరంగా మంచు కొండలు కనిపిస్తాయి కాబట్టి నైనీతాల్ వెళ్లినవారిలో చాలామంది ఆ అరుగు మీద కూర్చుని ఫొటో తీయించుకున్నవారే. అరుగు పడిన వేళ అక్కడ ఎవరూ లేకపోవడంతో ప్రాణనష్టం జరగలేదు. కానీ ఆ కొండ పగుళ్లు తీస్తోందని స్థానికులు అంతకు ముందు నుంచే చెబుతూ వచ్చారు.

ఒక జ్ఞాపకచిహ్నం పోయిందన్న బాధ కొన్ని రోజులు వార్తల్లో కనిపించింది. ఆ తర్వాత అందరూ మరచిపోయారు. అయితే ఈ పట్నంలో ఇలా పోతున్నది ఆ ఒక్క అరుగే కాదు. వేసవి విడిదిగా పుట్టిన ఊరు తాలూకు గుర్తులు ఒక్కొక్కటిగా కాలిపోతున్నాయి, కూలిపోతున్నాయి, చేతులు మారుతున్నాయి. వాటిలో కొన్ని పోతే పోయేది అందం మాత్రమే. కొన్ని పోతే మాత్రం కొండే జారుతుంది. ఏవి ఏ రకమో తేల్చుకోకుండా ‘బ్రిటిష్ కాలపు వారసత్వం’ అని అన్నిటినీ ఒకే గాటన కట్టేయడంలోనే అసలు ప్రమాదం ఉంది.

వ్యాపారి కన్ను పడిన సరస్సు

నైనీతాల్ సరస్సు సముద్రమట్టానికి దాదాపు 1,938 మీటర్ల ఎత్తున, మూడు వైపులా కొండల మధ్య గిన్నెలో నీళ్లలా ఉంటుంది. పొడవు కిలోమీటరున్నర లోపే. విస్తీర్ణం 50 హెక్టార్లకు కాస్త తక్కువ. గట్టున నైనాదేవి గుడి ఉంది. అత్రి, పులస్త్య, పులహ మహర్షుల పేరిట త్రిఋషి సరోవరమని పురాణాలు చెప్పిన చోటు ఇదేనని నమ్మకం. చుట్టుపక్కల కుమావూ పల్లెల వారికి అది పవిత్ర స్థలం. పశువులు మేపుకోవడానికి, జాతరకు వచ్చేవారు తప్ప అక్కడ ఊరంటూ ఉండేది కాదు.

1841లో షాజహాన్‌పూర్‌కు చెందిన పి. బారన్ అనే చక్కెర వ్యాపారి అక్కడికి చేరాడు. చూసినదాన్ని ‘పిల్‌గ్రిమ్’ అనే కలంపేరుతో పత్రికల్లో రాశాడు. తానే ‘పిల్‌గ్రిమ్ లాడ్జ్’ పేరుతో ఒక ఇల్లు కట్టుకున్నాడు. ఆ నేల మీద హక్కున్న నర్‌సింగ్ అనే స్థానికుణ్ణి పడవలో సరస్సు మధ్యకు తీసుకెళ్లి, ఈత రాని అతణ్ణి భయపెట్టి హక్కు వదులుకుంటున్నట్టు సంతకం చేయించుకున్నాడని ఒక కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. కథలో ఎంత నిజమున్నా, ఆ ఊరు ఎలా పుట్టిందో అది సూటిగానే చెబుతుంది.

తర్వాతి పరిణామాలు వేగంగా జరిగాయి. 1840ల్లోనే ‘సెయింట్ జాన్ ఇన్ ద వైల్డర్‌నెస్’ చర్చికి పునాది పడింది. 1845 నాటికే మునిసిపల్ కమిటీ వచ్చింది. వాయవ్య రాష్ట్రాల ప్రభుత్వం, ఆ తర్వాత సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం ఎండాకాలంలో ఇక్కడికే తరలివచ్చేవి. కోస్తా, రాయలసీమ జిల్లాల దస్త్రాలు వేసవిలో మద్రాసు నుంచి ఊటీకి ఎక్కినట్టే, గంగా మైదానపు దస్త్రాలు నైనీతాల్ కొండ ఎక్కేవి. 1884లో కాఠ్‌గోదామ్ దాకా రైలు రావడంతో ఆ ప్రయాణం తేలికైంది. అధికారులు, వారి కుటుంబాలు, వారి పిల్లల కోసం బడులు, వారికి సరుకులమ్మే దుకాణాలు, పడవల క్లబ్బు అన్నీ వచ్చాయి. సరస్సు ఎగువ ఒడ్డు మల్లీతాల్, దిగువ ఒడ్డు తల్లీతాల్. రెండింటినీ కలుపుతూ రెండు అంతస్తుల్లో మాల్ రోడ్డు. పైది దొరలకు, కిందిది నౌకర్లకు, గుర్రాలకు అన్న వివక్ష ఆ రోడ్డు చరిత్రలో భాగం. ఇప్పుడు దాని పేరు గోవింద్ వల్లభ్ పంత్ మార్గ్.

ఈ ఊళ్లో ఇళ్లు అద్దెకిప్పించడమే ఒక వృత్తిగా ఎదిగింది. ఏటా నాలుగైదు నెలలకు వచ్చే దొరలకు ఇళ్లు చూపించి కుదిర్చిన వారిలో జిమ్ కార్బెట్ తల్లి మేరీ జేన్ కార్బెట్ ముఖ్యురాలు. పులుల వేటగాడిగా, తర్వాత వన్యప్రాణి రక్షకుడిగా లోకానికి తెలిసిన కార్బెట్ కుటుంబం బతికింది ఈ కాటేజీల మీదే. ఆయన ఇక్కడి మునిసిపల్ బోర్డులోనూ పనిచేశారు.

1880 సెప్టెంబరు 18

కట్టడానికి చదునైన నేల లేదు. అందుకని కొండ వాలును అడ్డంగా తెగ్గోసి, ఆ మెట్టు మీద ఇల్లు కట్టేవారు. కట్టెల కోసం, చూపు ఆనడం కోసం చెట్లు కొట్టేవారు. ఉత్తరాన ఉన్న షేర్-కా-డాండా కొండ నల్లరేకు రాళ్లతో పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొరల్లోకి నీరు చేరితే రాయి మెత్తబడి జారుతుంది. పైగా సరస్సు గుండానే ఒక భూభ్రంశం పోతోంది. 1867లోనే ఒకసారి కొండ జారి హెచ్చరించింది. కొండ వాలుల భద్రతను చూడడానికి అప్పుడే ఒక కమిటీని వేశారు. కానీ నిర్మాణాలు మాత్రం ఆగలేదు.

1880 సెప్టెంబరులో రెండు రోజులకు పైగా విడవకుండా వాన కురిసింది. 18వ తేదీ శనివారం ఉదయం విక్టోరియా హోటల్ వెనుక కొంత మట్టి జారి నౌకర్ల గదుల మీద పడింది. సైనికులు, అధికారులు, కూలీలు వెళ్లి మట్టి తవ్వి కింద చిక్కినవారిని తీస్తున్నారు. మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో, వాళ్లు ఆ పనిలో ఉండగానే, పైనున్న కొండ మొత్తం కదిలింది. హోటలు, దాని కింద ఉన్న దుకాణం, ఒడ్డున ఉన్న అసెంబ్లీ రూమ్స్, నైనాదేవి గుడి కొన్ని క్షణాల్లో మట్టిలో కలిసిపోయాయి. 151 మంది చనిపోయారు. వారిలో 43 మంది యూరోపియన్లు, 108 మంది భారతీయులు. దొరల వేసవి విడిదిలో జరిగిన విపత్తుగా చరిత్రకెక్కిన ఘటనలో చనిపోయినవారిలో మూడింట రెండొంతుల కంటే ఎక్కువ మంది భారతీయులు.

ఆ మట్టి సరస్సులోకి చొచ్చుకుపోయి మల్లీతాల్ వైపున్న మైదానాన్ని పెంచింది. నేడు ‘ఫ్లాట్స్’ అని పిలిచే ఆ మైదానంలోనే ఇప్పుడు ఫుట్‌బాల్ ఆడతారు, సభలు పెడతారు, కార్లు నిలుపుతారు. పర్యాటకులు మొక్కజొన్న పొత్తులు కొనుక్కుని తినే ఆ నేల కింద ఒక కొండ ముక్క ఉందని చాలామందికి తెలియదు.

ఆ తర్వాత కట్టినవి

ఊరిని వదిలేద్దామా అన్న చర్చ అప్పట్లో గట్టిగానే జరిగింది. చివరికి వదల్లేదు. ఇంజనీర్లు, భూగర్భ శాస్త్రవేత్తలు కొండను పరిశీలించి ఒక మాట తేల్చారు. వాలును జార్చింది వాన కాదు, దారి దొరకక కొండలోకి ఇంకిన వాననీరు. కాబట్టి వాలు మీద పడిన ప్రతి చినుకూ లోపలికి ఇంకకుండా సరస్సుకు చేరిపోవాలి.

దాన్నుంచి పుట్టినవే నైనీతాల్ కాలువలు. కొండ వాలుల మీద రాయి, సున్నంతో కట్టిన నాలాలు అరవై పైచిలుకు ఉన్నాయి. వాటికి చెట్టు కొమ్మల్లా చిన్న చిన్న పిల్లకాలువలు. ఎక్కడెక్కడ నీరు వేగం పుంజుకుంటుందో అక్కడ మెట్లు కట్టారు. నీటితో పాటు వచ్చే రాళ్లూ మట్టీ సరస్సులో పడకుండా మధ్యలో ఆగిపోవడానికి గుంతలు తవ్వారు. ఏటా వానల ముందు ఆ గుంతల్లో మట్టి తీయాలి. దీనికి తోడు కొన్ని నిషేధాలు పెట్టారు. ఫలానా వాలు మీద కట్టకూడదు, తవ్వకూడదు, గడ్డి కోయకూడదు, పశువులు మేపకూడదు, చెట్టు కొట్టకూడదు.

ఆ నిబంధనలు తమకే వర్తింపజేసుకున్న సందర్భాలూ ఉన్నాయి. షేర్-కా-డాండా మీద కట్టిన గవర్నరు నివాసానికి పగుళ్లు రావడంతో 1895లో దాన్ని వదిలేశారు. ఇప్పుడున్న రాజ్‌భవన్ ఆ తర్వాత, 19వ శతాబ్దం ముగిసే వేళకు సరస్సుకు అవతలి కొండ మీద కట్టింది. దాని నమూనా బొంబాయి విక్టోరియా టెర్మినస్‌ను రూపొందించిన ఎఫ్.డబ్ల్యు. స్టీవెన్స్‌ది. కార్బెట్ కుటుంబం కూడా ఆల్మా కొండ మీది ఇంటిని విప్పి, ఆ సామగ్రితోనే అయార్‌పట్టా వైపు ‘గర్నీ హౌస్’ కట్టుకుంది. 1947లో కార్బెట్ కెన్యాకు వెళ్లిపోయేదాకా ఆయన ఇల్లు అదే.

ఇదంతా కంపెనీ దొరల, రాణీగారి దొరల దూరదృష్టిని పొగడడానికి చెబుతున్నది కాదు. ప్రమాదాన్ని తెచ్చిపెట్టిందీ వాళ్లే. పైగా కాలువలు కట్టాక కూడా 1898లో సరస్సు నీరు బయటికి పోయే బలియా నాలా లోయలో కొండ విరిగి 28 మంది చనిపోయారు. తేడా ఒక్కటే. 1880 దెబ్బ తర్వాత వాళ్లు కొండను లెక్కలోకి తీసుకున్నారు. దానికొక ఖర్చుందని ఒప్పుకుని ఏటా ఆ ఖర్చు పెట్టారు.

మిగిలిన ఇళ్లు ఎవరివి?

1947 తర్వాత దొరలు వెళ్లిపోయారు. కాటేజీలను మైదానపు జమీందార్లు, వ్యాపారులు, అధికారులు కొన్నారు. కొన్ని బడులయ్యాయి, కొన్ని హోటళ్లయ్యాయి. 1900లో కట్టిన పాత సచివాలయ భవనం 2000 నవంబరు 9న, ఉత్తరాఖండ్ ఏర్పడిన రోజునే, కొత్త రాష్ట్ర హైకోర్టు అయింది. ఒకనాటి వేసవి పట్నానికి ఏడాది పొడవునా లాయర్లు, కక్షిదారులు, వారి వాహనాలు రావడం మొదలైంది.

వాడల పేర్లలో ఆ కాటేజీలు ఇంకా బతికే ఉన్నాయి. మల్లీతాల్‌లో ‘చార్టన్ లాడ్జ్’ అనేది ఇప్పుడు ఒక వాడ పేరు. 2023 సెప్టెంబరులో అక్కడే ఒక రెండంతస్తుల ఇల్లు కూలి, పక్కన ఉన్న కుటుంబాలను ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఆ ఇల్లు కాటేజీల కాలం నాటిది కాదు. ఒకప్పుడు ఒక కుటుంబం, దాని నౌకర్లు ఉండేలా లెక్కగట్టిన వాలు ఇప్పుడు ఒక వాడ బరువు మోస్తోంది. నైనీతాల్ కథంతా ఈ లెక్కలో ఉంది. 2011 జనగణన ప్రకారం పట్నంలో స్థిర జనాభా 41 వేల పైచిలుకు. వేసవి సెలవుల్లో, వారాంతాల్లో వచ్చే పర్యాటకులు దీనికి అదనం.

పాత ఇళ్లకు నిప్పుతో మరో ముప్పు. రాతి గోడల మీద దేవదారు దూలాలు, చెక్క నేలలు, రేకుల కప్పు, లోపల పాత వైరింగు. 2025 ఆగస్టు 27 రాత్రి మల్లీతాల్ బజారులో ‘ఓల్డ్ లండన్ హౌస్’ అనే శతాబ్దం దాటిన భవనం తగలబడి, లోపల ఉన్న ఒక వృద్ధురాలు మరణించారు. ఇరుకు బజార్లలోకి అగ్నిమాపక వాహనాలు వెళ్లడమే కష్టం. సరస్సు ఒడ్డునే ఉన్న పట్నంలో మంట ఆర్పడానికి నీళ్లు అందడం లేదన్న ప్రశ్న ఆ రాత్రి మళ్లీ లేచింది.

ఇక మెట్రోపోల్ హోటల్ కథ వేరు. 19వ శతాబ్దపు ఈ హోటలు మహమూదాబాద్ రాజాగారి చేతికి వచ్చింది. ఆయన 1957లో పాకిస్తాన్ పౌరసత్వం తీసుకున్నారు. 1965 యుద్ధం తర్వాత ఆయన ఆస్తులన్నీ ‘శత్రు ఆస్తి’గా కస్టోడియన్ కిందికి వెళ్లాయి. భారత పౌరుడిగానే ఉండిపోయిన కుమారుడు దశాబ్దాల పాటు పోరాడి 2005లో సుప్రీంకోర్టులో గెలిచారు. 2010లో ఆర్డినెన్సు, 2017లో శత్రు ఆస్తుల సవరణ చట్టం ఆ గెలుపును వెనక్కి లాగేశాయి. ఈ లోపు హోటలు శిథిలమైంది. దాని ఆవరణలో, నౌకర్ల గదుల చుట్టూ ఒక బస్తీ పెరిగింది. అందులో ఉన్నవారిలో ఎక్కువ మంది పట్నంలో చిన్నా చితకా పనులు చేసుకునేవారే. హైకోర్టు స్టే ఇవ్వడానికి నిరాకరించాక, 2023 జూలై 22న 134 ఇళ్లను బుల్డోజర్లతో తొలగించారు. తరతరాలుగా ఇక్కడే ఉన్నామని వాళ్లు చెప్పుకున్నారు. ఖాళీ అయిన స్థలాన్ని వెంటనే పార్కింగ్ అవసరంతో ముడిపెట్టి మాట్లాడడం మొదలైంది.

ఆక్రమణ ఆక్రమణే అనే వాదనలో బలముంది. కానీ పట్నంలో నిబంధనలకు విరుద్ధంగా లేచిన హోటళ్ల అంతస్తులు, కొనుక్కున్నవారు వచ్చినప్పుడు తప్ప తాళం వేసి ఉండే ఫ్లాట్లు కూడా అదే కొండకు భారం. నోటీసులు, అప్పీళ్లు, స్టేలు, రాజీలతో ఏళ్ల తరబడి నిలబడగలిగే శక్తి వాటికుంది. బస్తీకి లేదు. కొండ భద్రత పేరుతో తీసుకునే చర్య కిందివాడి మీద ఒక వేగంతో, పైవాడి మీద మరో వేగంతో సాగితే అది భద్రత అనిపించుకోదు. దొరల కాలపు రెండంతస్తుల మాల్ రోడ్డు గుర్తుకొస్తుంది.

కాలువ మీద గోడ

పైన చెప్పిన ఇళ్లన్నీ కంటికి కనబడే గుర్తులు. ఎవరూ ఫొటో తీసుకోని గుర్తు కాలువ. పట్నం నేటికీ ఆధారపడుతున్నది మాత్రం దాని మీదే. నైనీతాల్‌లో కురిసే భారీ వర్షాన్ని వాలు మీంచి దించే ప్రధాన ఏర్పాటు ఇప్పటికీ ఆ 19వ శతాబ్దపు జాలమే. దాని మీద కొన్నిచోట్ల గదులు లేచాయి. కొన్నిచోట్ల మెట్లు, మరికొన్నిచోట్ల నీళ్ల గొట్టాలు అడ్డం పోయాయి. ఇల్లు కట్టగా మిగిలిన రాళ్లూ మట్టీ అందులోనే పోస్తారు. మురుగు గొట్టం పొంగితే అదీ అందులోకే.

దీనివల్ల జరిగేది రెండు రకాలు. నీరు ఆగిన చోట వాలులోకి ఇంకుతుంది, అంటే 1880కి ముందు స్థితి తిరిగొస్తుంది. ఆగకుండా వచ్చినది మట్టినీ మురుగునూ సరస్సులోకి తెస్తుంది. పట్నానికి తాగునీరు వచ్చేది ఈ సరస్సు నుంచీ, దాని ఒడ్డున వేసిన బావుల నుంచే. 1990ల నాటికి సరస్సు అడుగున ప్రాణవాయువు లేక చేపలు చచ్చి తేలే పరిస్థితి వచ్చింది. 2007 నుంచి గొట్టాలతో అడుగుకు గాలి పంపిస్తున్నారు. ఒక సరస్సుకు యంత్రంతో ఊపిరి పోస్తున్నారన్న మాట. 2016, 2017 వేసవుల్లో నీటిమట్టం బాగా పడిపోయి, కాలువలు తెచ్చిన మట్టి ఒడ్డు పొడవునా దిబ్బలుగా బయటపడింది.

నీరు తగ్గడానికి మరో కారణం సరస్సుకు పైన ఉంది. మల్లీతాల్‌కు ఎగువన సూఖాతాల్ అనే పల్లం ఉంది. పేరుకు తగ్గట్టే ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి, వానల్లో నిండే కుంట. అక్కడ నిండిన నీరు నేలలోకి ఇంకి, ఊటలుగా నైనీ సరస్సును వేసవి దాకా తడుపుతుంది. వాలు మీద నీరు ఇంకకూడదు, సూఖాతాల్‌లో ఇంకి తీరాలి. ఈ రెండు నియమాలే పట్నపు జలవ్యవస్థకు మూలం. ఇప్పుడు రెండూ తలకిందులయ్యాయి. వాలు మీద కాలువలు పూడి నీరు ఇంకుతోంది. సూఖాతాల్‌లో ఇళ్లు లేచి, కట్టడాల చెత్త పడి ఇంకే చోటు తగ్గింది. ఆ పైన దాన్ని ఏడాదంతా నీళ్లుండే పర్యాటక స్థలంగా ‘సుందరీకరించే’ పని మొదలుపెట్టారు. 2022 నవంబరులో హైకోర్టు స్వయంగా కల్పించుకుని అక్కడ నిర్మాణాలను ఆపమంది. అడుగు గట్టిగా కప్పేస్తే కుంట అందంగా కనిపిస్తుందేమో గానీ, దిగువ సరస్సుకు పాలు మాన్పించినట్టే.

2018 ఆగస్టు 18న దిగువ మాల్ రోడ్డు పాతిక మీటర్ల మేర విరిగి సరస్సులో పడిపోయింది. అదే ఏడాది తల్లీతాల్ కింద బలియా నాలా ఒడ్డు జారడంతో అక్కడి కుటుంబాలను తరలించారు. ఆ లోయ పట్నపు పునాదినే అడుగు నుంచి కోస్తోంది. సురక్షితమని వెతుక్కుని మరీ కట్టిన రాజ్‌భవన్ వెనుక వాలు కూడా నిహాల్ నాలా వైపు జారుతోంది.

కోర్టులు చెప్పినవి, కొండ చెప్పినవి

నైనీతాల్ మీద కోర్టు ఉత్తర్వులకు కొదవ లేదు. చరిత్రకారుడు అజయ్ సింగ్ రావత్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1995లోనే విస్తృతమైన ఆదేశాలు ఇచ్చింది. బహుళ అంతస్తుల గ్రూప్ హౌసింగ్, వాణిజ్య సముదాయాలు వద్దంది. మాల్ రోడ్డు మీద భారీ వాహనాలు ఆపమంది. మురుగు, చివరికి గుర్రాల లద్దె కూడా సరస్సులోకి చేరకూడదంది. ముప్పై ఏళ్ల తర్వాత కూడా హైకోర్టు దాదాపు అవే విషయాలు మళ్లీ మళ్లీ అడగాల్సి వస్తోంది. 2023 జనవరిలో జోషీమఠ్ ఇళ్లకు పగుళ్లు వచ్చాక, కొండ పట్నాలు ఎంత భారం మోయగలవో తేల్చాలన్న మాట నైనీతాల్ విషయంలోనూ వినిపించింది.

విశేషమేమిటంటే ఆ ప్రశ్న హైకోర్టుకే తిరిగి తగిలింది. కోర్టును హల్ద్వానీకి తరలించాలని 2022 నవంబరులో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. 2024 మేలో హైకోర్టే కొత్త స్థలం వెతకమని, లాయర్లు, ప్రజల అభిప్రాయం సేకరించమని ఆదేశించింది. కొద్ది రోజుల్లోనే సుప్రీంకోర్టు ఆ ఆదేశం అమలును నిలిపేసింది. పట్నం మీద భారం తగ్గించడానికి ముందు ఎవరు కదలాలన్న ప్రశ్న వస్తే బస్తీకి ఒక్క రోజు పట్టింది. సంస్థలకు ఏళ్లు పడుతున్నాయి.

మరి ఏం చేయాలి? మొదటిది, కాలువను ఆస్తిగా గుర్తించడం. ప్రతి నాలా, ప్రతి పిల్లకాలువ ఏ వాలు మీంచి ఎక్కడి దాకా పోతోందో, దాని ఇరుపక్కలా ఎంత వదలాలో రికార్డులో ఉండాలి. ఇంటి ప్లాను, అమ్మకం దస్తావేజు దాన్ని దాటి వెళ్లకూడదు. రెండవది, పూడిక తీయడాన్ని విపత్తు వచ్చాక విడుదలయ్యే నిధులకు వదలకుండా, ఏటా వానల ముందు తప్పనిసరిగా జరిగే పనిగా చేయడం. రాతి కాలువ కట్టే, బాగుచేసే మేస్త్రీ పనికి మళ్లీ విలువ ఇవ్వాలి. విరిగిన చోటల్లా సిమెంటు పోసి సరిపెడితే కొండ కదిలినప్పుడు ముందుగా పగిలేది ఆ సిమెంటే. మూడవది, సూఖాతాల్‌ను ఎండే కుంటగానే వదిలేయడం. నాలుగవది, ఖాళీ చేయించక తప్పని చోట ఖాళీ చేయించే ముందే ప్రత్యామ్నాయం చూపడం, ఆ తూకం హోటలుకీ గుడిసెకీ ఒకటే కావడం.

వీటికి పెద్ద ప్రాజెక్టులు అక్కర్లేదు, అందుకే ఇవి వెనకబడుతున్నాయి. బహుళ అంతస్తుల పార్కింగ్‌కు శంకుస్థాపన ఉంటుంది, ఫలకం ఉంటుంది. కాలువలో మట్టి తీయడానికి ఫలకం పెట్టరు.

ఏది వారసత్వం?

కాటేజీలు నిలబెట్టాలనడంలో తప్పు లేదు. అవి పడిపోతే పట్నం ముఖం మారిపోతుంది. పాత ఇళ్లలో ఉంటున్నవారికి వైరింగు మార్చుకోవడానికి, కప్పు బాగుచేసుకోవడానికి సాయం కావాలి. లేకపోతే అగ్నిప్రమాదాలు ఆగవు. అయితే ఆ ఇళ్లు ఎవరి జ్ఞాపకాలన్నది వేరే చర్చ. ఆ రోడ్డు మీద నడవనివ్వని మనుషుల మనవలు ఈ రోజు ఆ పట్నంలో ఉంటున్నారు. గవాక్షాలూ గోపురాలూ వాళ్లకు గర్వకారణం కావాలని పట్టుబట్టనక్కర్లేదు.

కాలువ విషయంలో ఆ చర్చకు తావు లేదు. దాన్ని ఎవరు కట్టించినా రాయి మోసింది కుమావూ కూలీలు. 108 మంది భారతీయులు చనిపోయాక నేర్చుకున్న పాఠం అది. ఇప్పుడు దాని కింద బతుకుతున్నది నలభై వేల మందికి పైగా జనం. డొరోతీ సీట్ పడిపోయినప్పుడు మళ్లీ కట్టాలని కోరినవారు చాలామంది ఉన్నారు. దాని కింది వాలులో నీరు ఎటు పోతోందో ముందు చూసి, ఆ తర్వాత కడితే ఈసారి అది నిలుస్తుంది.